పెంకులదిబ్బలో తిరగేసిన దొంగతనం

"కావలి తాలూకాలో నేరమనేది ఇంకా ఊపిరి పీలుస్తోందంటే దానికి ఒక్కటే కారణం. నా దగ్గర కుట్టవలసిన జాకెట్లు ఇంకా ఎనిమిది ఉన్నాయి," అన్నాడు డిటెక్టివ్ రంగనాయకులు, పళ్ల మధ్య పెట్టుకున్న గుండుసూది తీసి.

ఎదురుగా స్టూలు మీద గంగాధరం కూర్చుని ఉన్నాడు. అతనిది పక్కనే అద్దె సైకిళ్ల షాపు. పదకొండేళ్లుగా ఇలాంటి ప్రకటనలు వింటూ పంక్చర్లు వేసుకుంటున్నాడు.

రంగనాయకులు వృత్తికి దర్జీ. రైలు స్టేషను దారిలో కొట్టు. 1962లో ఆ కొట్టు ముందు రెండు బోర్డులు ఉండేవి. పైన టైలరింగు బోర్డు. దాని కింద అంతకు రెండింతల అక్షరాలతో: "డిటెక్టివ్ రంగనాయకులు. నేరం ఎక్కడ జరిగినా కొలతలు తీసుకోబడును."

"గంగాధరం, లోకంలో ప్రతి కుట్రకీ ఒక కుట్టు ఉంటుంది. నేను కుట్టేవాణ్ణి. కుట్ర సంగతి నాకు తెలిసినట్టు పోలీసులకు ఎట్టా తెలుస్తుంది? దారం పట్టుకుంటే చాలు, ఆధారం అదే వస్తుంది."

అప్పటికి ఆయన చేపట్టిన కేసు ఒక్కటే. తన కొలతల టేపు మూడు రోజులు కనపడలేదు. పక్క వీధి దర్జీ మీదా, ఇద్దరు పాలవాళ్ల మీదా నిఘా వేశాడు. నాలుగో రోజున గంగాధరం అది ఆయన మెడలోనే ఉందని చెప్పాడు. "నేరస్థుడు మనకు అతి సమీపంలో ఉంటాడని నేను చెప్పలా?" అన్నాడు రంగనాయకులు.

ఆ మధ్యాహ్నమే కొట్టు ముందు జీపు ఆగింది. దిగినాయన సన్నగా, పొడుగ్గా, నిండా దుమ్ముతో ఉన్నాడు. పేరు హెబ్రోను. సముద్రపు ఒడ్డున గవ్వలపాలెంలో పెంకులదిబ్బ తవ్విస్తున్న ప్రభుత్వ పురావస్తు ఆఫీసరు. కంపచెట్టుకు పట్టుకుని ప్యాంటు మోకాలి దగ్గర చిరిగింది. అది కుట్టించుకోవడానికి వచ్చాడు.

గంగాధరం చెవులు రిక్కించాడు. గవ్వలపాలెం అతని సొంత ఊరు. చెల్లెలు పేరమ్మ అక్కడే ఉంది. ఆ దిబ్బ మీద మట్టి జల్లెడ పట్టే పనికి వెళ్తోంది.

"తవ్వకాలు బాగా సాగుతున్నాయా సార్?" అన్నాడు రంగనాయకులు, చిరుగు కొలుస్తూ.

"బాగా సాగడమే నా బాధ. సాయంత్రం గొయ్యి శుభ్రంగా ఊడ్పించి గుడారానికి పోతాను. పొద్దున వచ్చేసరికి అందులో కొత్తగా పెంకులుంటాయి. మూడు రోజులుగా చూస్తున్నాను. అంతకు ముందు ఎన్నాళ్లుగా జరుగుతోందో తెలియదు."

"ఏమేం పోయినయ్యి?"

"ఏమీ పోలేదయ్యా. ఎక్కువయ్యాయి."

రంగనాయకులు చేతిలోని కత్తెర కింద పెట్టాడు. కళ్లు మూశాడు. "పెట్టాల్సిన చోటునుంచి తీస్తే దొంగతనం. తియ్యాల్సిన చోట పెడితే? తిరగేసిన దొంగతనం. సార్, దీని వెనక ఏదో విదేశీ ముఠా ఉండాది."

హెబ్రోను గారికి ముఠా సంగతి పట్టలేదు. ఆయన దిగులు వేరు. రెండు వేల ఏళ్ల కింద అక్కడ ఓడరేవు ఉండేదని ఆయన నమ్మకం. శనివారం హైదరాబాదు నుంచి టూరిస్టు ఆఫీసరు వస్తున్నాడు. చోటు నచ్చితే గవ్వలపాలేనికి రోడ్డు వేస్తారు, బంగళా కడతారు. "కానీ ఏది పాత పెంకో ఏది కొత్త పెంకో చెప్పలేనివాణ్ణి ఆయనకేం చూపించను? శనివారం లోపల ఈ సంగతి తేలకపోతే గుడారాలు ఎత్తేసి ఇంకో చోటికి పోతాను."

గంగాధరం స్టూలు ముందుకు జరుపుకున్నాడు. కార్తీకంలో వచ్చిన గాలివానకు ఊళ్లో తెప్పలు సగం కొట్టుకుపోయాయి. నలభై ఇళ్లవాళ్లు ఆ దిబ్బ కూలితోనే అన్నం తింటున్నారు.

"శనివారం దాకా ఎందుకు సార్. రేపే వస్తా ఉండాము," అన్నాడు రంగనాయకులు. హెబ్రోను గారు వద్దనడానికి నోరు తెరిచాడు గానీ, ప్యాంటు రంగనాయకులు చేతిలో ఉండిపోవడం వల్ల గట్టిగా అనలేకపోయాడు.

గవ్వలపాలేనికి బస్సు లేదు. బస్సు లేదని ఫిర్యాదు చెయ్యడానికైనా బయటివాళ్లెవరూ వచ్చేవాళ్లు కాదు. మరునాడు గంగాధరం సైకిలు తొక్కితే రంగనాయకులు వెనక కూర్చుని పది మైళ్లు ఆలోచించాడు. చివరి రెండు మైళ్లూ ఇసుక. గంగాధరం దిగి సైకిలు తోశాడు. రంగనాయకులు దిగలేదు. ఆలోచన చెదిరిపోతుందన్నాడు.

దిబ్బ మీద దారాలు కట్టి గళ్లు గళ్లుగా గోతులు తవ్వారు. ఒక గోతిలో పగిలిన పెద్ద బానలో ఎముకలున్నాయి. రంగనాయకులు దాని ముందు టోపీ తీసి నిలబడ్డాడు.

"ఈ హత్య గురించి పోలీసులకు చెప్పినారా?"

"అది సమాధి," అన్నాడు హెబ్రోను గారు. "ఆ మనిషి పోయి రెండు వేల ఏళ్లయింది."

"అయితే హంతకుడు చాలా దూరం పోయుంటాడు," అని రంగనాయకులు నోటు పుస్తకంలో రాసుకున్నాడు.

తరవాత కూలివాళ్లందరినీ వరసలో నిలబెట్టి కొలతలు తీశాడు. ఛాతీ, భుజం, నడుము. ముత్యాలయ్య అనే ముసలాయన చేతులు చాపి నిలబడి, "చొక్కాలు ఎప్పుడిస్తారయ్యా?" అని అడిగాడు. వెనకున్న వాళ్లంతా అదే అడిగారు. సర్కారు వాళ్లు చొక్కాలు కుట్టిస్తున్నారని ఊరంతా తెలిసి, పనికి రానివాళ్లు కూడా వచ్చి వరసలో చేరారు.

ఈ గొడవలో గంగాధరం ఊరికే గోతిలోకి తొంగి చూశాడు. ఆ పొద్దున దొరికిన పెంకులు గట్టు మీద ఆరబెట్టి ఉన్నాయి. అందులో ఒక మూత ముక్క మీద అతని చూపు ఆగిపోయింది. అంచు దగ్గర చిటికెన వేలు పట్టేంత పెచ్చు ఊడి ఉంది. చిన్నప్పుడు ఆ మూత కింద పడేసి పెచ్చు ఊడగొట్టింది తనే. అమ్మ చేత దెబ్బలు తిన్నది కూడా తనే.

తిన్నగా చెల్లెలి దగ్గరికి పోయాడు. పేరమ్మ జల్లెడ పక్కన పెట్టి కొంగుతో మొహం తుడుచుకుంది.

"అమ్మ మూత గోతిలోకి ఎట్టా పోయింది?" అన్నాడు.

ఆమె దాచలేదు. "ఆ అయ్య నెల కిందట ఏమన్నాడో తెలుసా అన్నా? రెండు దినాలు ఏమీ దొరక్కపోతే గుడారాలు పీకేస్తానన్నాడు. మేమేం చేసేది? ఆయనకి కావాల్సింది పెంకులు. మా కాడ ఉండాయి. మా అత్త అటక మీద కుండలు దించినాము, అమ్మ నాకిచ్చినవి కూడా. పగలగొట్టి, ఉప్పునీళ్లలో నానేసి, పొగబెట్టి, ఆయన లేచే లోపల పూడ్చి వస్తా ఉండాము. అన్నిళ్ల వాళ్లమూ వంతులు వేసుకున్నాము."

"ఇప్పుడు అవి ఎక్కువైనాయనే పోతానంటున్నాడు."

పేరమ్మ జల్లెడ మళ్లీ చేతిలోకి తీసుకుంది. "తక్కువైతే పోతానంటాడు, ఎక్కువైతే పోతానంటాడు. ఎన్ని కావాలో ముందే చెప్పుంటే సరిపోయేది గదా," అంది.

గంగాధరానికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నిజం చెబితే చెల్లెలి పని పోతుంది, ఊరి పనీ పోతుంది. చెప్పకపోయినా శనివారానికి అదే అవుతుంది. "ఇంక పూడ్చబాకండి," అని మాత్రం అని తిరిగి వచ్చాడు.

రంగనాయకులు ఇసుకలో మోకాళ్ల మీద పాకుతున్నాడు. "దొరికినాడు. పాదం పదకొండు అంగుళాలు. ఎడమ మడమ అరిగిన చెప్పు. గోతి చుట్టూ మూడుసార్లు తిరిగినాడు. గుండెలు తీసిన బంటు."

"అది నీ అడుగే," అన్నాడు గంగాధరం.

రంగనాయకులు తన చెప్పు విప్పి చూసుకున్నాడు. చాలాసేపు చూశాడు. "ముఠా వాళ్లకి నా చెప్పు కొలత తెలిసిపోయింది. ఇంక మారువేషం తప్పదు," అన్నాడు.

శనివారం పొద్దున గంగాధరం షాపు తెరిచేసరికి మెట్ల మీద ఒక తెల్లని ఆకారం కూర్చుని ఉంది. నెత్తిన దొరల టోపీ, కళ్లకు నల్లద్దాలు. ఒంటి మీద ఎవరో కుట్టమని ఇచ్చిన కోటు, ఇంకా కచ్చాకుట్లు పైకి కనబడుతూ. మొహానికీ చేతులకీ గుడ్డ మీద గీతలు గీసే సుద్ద అరగదీసి పూసుకున్నాడు.

"నన్ను గుర్తు పట్టినావా?"

"పట్టినా."

"నువ్వు నా ఆప్తుడివి గనక పట్టినావు. ఇప్పట్నుంచీ నేను మిస్టర్ రంగన్ నైకల్సన్. లండన్ నుంచి పాత పెంకులు చూడ్డానికి వచ్చిన టూరిస్టుని. నువ్వు నా దుబాసీవి. ముఠా వాళ్లు నాకు సరుకు అమ్మజూపుతారు. అప్పుడు పట్టుకుంటా."

"నీకు ఇంగ్లీషు రాదు గదా."

"దారపు రీళ్ల పెట్టె మీద ఉండేదంతా వచ్చు," అన్నాడు రంగనాయకులు.

గవ్వలపాలెంలో ఆడవాళ్లు దొరను చూసి పని ఆపేశారు. ఆ ఊరికి టూరిస్టు రావడం అదే మొదటిసారి. పేరమ్మ, పక్కింటి చెంచమ్మ దగ్గరికి వచ్చారు. రెండు రోజుల కిందట తమ చేతులు చాపించి కొలిచిన మనిషే అని వాళ్లకు తట్టలేదు. ఎండకు సుద్ద పెచ్చులుగా రాలుతోంది.

"ఏందో జబ్బు పాపం," అంది చెంచమ్మ. "తెల్లగా రాలతా ఉండాడు."

"బెస్ట్ క్వాలిటీ," అన్నాడు దొర, తల పంకించి.

"ఈయన దేనికి వచ్చినాడన్నా?" అంది పేరమ్మ.

"పెంకులు చూసేదానికి," అన్నాడు గంగాధరం, నేల చూపులు చూస్తూ.

పేరమ్మ మొహం వెలిగింది. "అయితే ఒకటి ఇద్దాములే. అంత దూరం నుంచి వచ్చినాడు. పొద్దున పూడ్చినదాంట్లో సగం ముక్క మిగిలిపోయింది. ఈ దొరకి తెలుగు రాదు గదా?"

"నేను పూడ్చవద్దన్నా గదా."

"ఇయ్యాళ పెద్ద ఆఫీసరు వస్తా ఉంటే గొయ్యి బోసిగా ఉండాల్నా? నాలుగే వేసినాము. మా అత్త నీళ్లతొట్టి పగలగొట్టి నేనే తెల్లారగట్ల పూడ్చి వచ్చినా. నెల నుంచీ ఇదే పని గదా." ఆమె కొంగులోంచి అరచేతి వెడల్పు పెంకు తీసి దొర చేతిలో పెట్టింది. "తీసుకో సామీ. మా ఇంటి సరుకు."

దొర పెంకును ఎండకు ఎత్తి చూశాడు. "మేడిన్ ఇంగ్లండ్," అని జేబులో వేసుకున్నాడు.

పక్కకు రాగానే గంగాధరం అడిగాడు. "విన్నావా?"

"ఏం వినేది?"

"ఆమె చెప్పిందంతా."

"గంగాధరం, నేను పాత్రలో ఉండా. దొరకి తెలుగు రాదు. రానప్పుడు వినకూడదు. అది వృత్తిధర్మం," అన్నాడు రంగనాయకులు. గంగాధరం ఆకాశం వంక చూసి దణ్ణం పెట్టుకున్నాడు.

ఆ సమయానికే జీపులోంచి టూరిస్టు ఆఫీసరు దిగాడు. బొద్దుగా ఉన్న మనిషి. మెడలో కెమెరా. పది మైళ్ల దారికి ఒళ్లు హూనమై, ఈ మూలకు ఎవరొస్తారని దారంతా విసుక్కుంటూ వచ్చాడు. గట్టు మీద దొర కనబడేసరికి ఆయన నడకే మారిపోయింది. ఎదురొచ్చిన హెబ్రోను గారిని దాటుకుని పోయి దొర చెయ్యి పట్టుకుని ఊపాడు. సుద్ద అంటుకుని తన చెయ్యి తెల్లనైంది. ఆయన పట్టించుకోలేదు. ఈ చోటు గురించి తమ అభిప్రాయమేమిటని ఇంగ్లీషులో అడిగాడు.

దొర టోపీ సవరించుకున్నాడు. "కీప్ డ్రై," అన్నాడు.

ఆఫీసరు పెన్ను తీసి రాసుకున్నాడు. "చూశారా హెబ్రోను గారూ, విదేశీయుడి చూపు. ముందు ఇక్కడ వాననీళ్లకు కాలవలు తవ్వించాలి. సార్, ఒక్క ఫోటో. కొంచెం వెనక్కి. ఇంకొంచెం."

దొర వెనక్కి జరిగాడు. ఇంకొంచెం జరిగాడు. మూడోసారి జరగడానికి వెనక నేల లేదు.

"వాయ్యో, చచ్చినా," అని కేక వినిపించింది. తరవాత గోతి గోడ ఒక పక్క మొత్తం జారిన చప్పుడు.

"తెలుగు ఎంత బాగా నేర్చాడు," అన్నాడు టూరిస్టు ఆఫీసరు.

హెబ్రోను గారు అప్పటికే గోతిలోకి దూకాడు. దొర నడుము దాకా మట్టిలో కూరుకుని తుమ్ముతున్నాడు. హెబ్రోను గారు దొరను చూడలేదు. దొర వెనక గోడ విరిగిన చోటు చూస్తున్నాడు. అక్కడ గుండ్రటి కాల్చిన మట్టి వరలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. పైన మూడు కనబడుతున్నాయి. కింద ఎన్నున్నాయో తెలియదు.

"బావి," అన్నాడాయన. "వరల బావి. ఇది ఎవరూ పగలగొట్టి పూడ్చింది కాదు." ఆ వరను వేళ్లతో తడిమి, అప్పుడు కింద మనిషి ఉన్నాడని గుర్తొచ్చి చెయ్యి అందించాడు.

దొరను పైకి లాగితే జేబులోంచి పెంకు జారి పడింది. హెబ్రోను గారు దాన్ని తీసుకుని ఇటూ అటూ తిప్పాడు. ఏదో తోచినట్టు పోయి, పొద్దున దొరికిన నాలుగు పెంకుల్లో ఒకటి తెచ్చి దాని పక్కన పెట్టాడు. రెండూ కుట్టు కూడా కనబడకుండా అతుక్కున్నాయి.

ఆయన దొర నల్లద్దాలు తీశాడు. తరవాత టోపీ తీశాడు. "నువ్వా," అన్నాడు. "మా గోతిలో దొరికిన పెంకుకు రెండో సగం నీ జేబులో ఎందుకుంది?"

రంగనాయకులు ఒక్క నిమిషం ఆలోచించాడు. పెంకు చూశాడు. తన జేబు చూశాడు. గోతి చుట్టూ తన అడుగులు చూశాడు. మెల్లగా ఆయన మొహంలో ఒక గొప్ప వెలుగు వచ్చింది.

"సార్, నేరస్థుడు దొరికినాడు."

"ఎవరు?"

"నేను," అన్నాడు రంగనాయకులు. "అడుగులు నావి. సరుకు నా జేబులో ఉంది. మారువేషంలో తిరిగింది నేనే. ఆధారాలన్నీ ఒక్క మనిషి వైపే చూపిస్తా ఉండాయి. ఎందుకు చేసినానో మాత్రం ఇంకా తేలలా. అది కూడా సాయంత్రానికి కనిపెడతా."

గంగాధరానికి లెక్క తేలిపోయింది. ఊరుకుంటే చాలు. చెల్లెలు బయటపడుతుంది, నలభై ఇళ్లూ బయటపడతాయి. నేరం ఒప్పుకున్నవాడికి కూడా సంతోషంగానే ఉంది. కానీ పదకొండేళ్లుగా పక్క స్టూలు మీద కూర్చున్నాడు. కాళ్లు వాటంతట అవే ముందుకు పడ్డాయి. అంతలో పేరమ్మ అతన్ని దాటుకుని పోయింది.

"ఆయన కాదయ్యా. ఆయనకేం తెలీదు," అంది.

"అది మాత్రం నిజం," అన్నాడు గంగాధరం.

"మేమే పూడ్చినాము. పెంకులు లేకపోతే మీరు పోతారని. పాతవాటిలో కలిసిపోతాయనుకున్నాము. తప్పు మాదే. కూలి ఆపితే నాది ఆపండి, మిగిలినవాళ్లది వద్దు."

చెంచమ్మ వచ్చి ఆమె పక్కన నిలబడింది. తరవాత ముత్యాలయ్య. ఒక్కొక్కరే జల్లెడలు, పారలు వదిలి గట్టు మీదికి వచ్చి నిలబడ్డారు. హెబ్రోను గారు అందరినీ చూశాడు. నెల రోజులుగా పెంకులు రాసిపెట్టిన రిజిస్టరు తలుచుకుని కళ్లు మూసుకున్నాడు. తెరిచినప్పుడు ఎదురుగా బావి ఉంది.

"ఈ బావి అడుగు చూడాలంటే రెండేళ్లు పడుతుంది," అన్నాడు చివరికి. "ఒక్క మనిషిని తగ్గించినా పని సాగదు. సోమవారం నుంచి అందరూ రండి. చేతులు తెచ్చుకోండి చాలు. కుండలు తేవద్దు."

టూరిస్టు ఆఫీసరు రోడ్డుకీ బంగళాకీ సిఫారసు చేస్తానన్నాడు. బావితోపాటు విదేశీయుడి అభిప్రాయం కూడా నివేదికలో రాస్తానన్నాడు. ఆ దొర కావలి దర్జీ అని హెబ్రోను గారు రెండుసార్లు చెప్పాడు. ఆయన రెండుసార్లూ, "అవునవును, అంతగా కలిసిపోయాడు," అని జీపెక్కాడు.

ఇంక మిగిలింది నెల రోజుల పెంకులు. మూడు గుడారాల నిండా చీట్లు కట్టి పెట్టినవి. "కలిపింది మేమే, ఏరేది కూడా మేమే," అంది పేరమ్మ. ఆ మధ్యాహ్నమే ఆడవాళ్లు పందిరి కింద కూర్చున్నారు. అందరికన్నా ఎక్కువ కుండలు పోయింది పేరమ్మ అత్త అంకాలమ్మకు. డెబ్భై ఏళ్లావిడ. ఏ పెంకు చేతికిచ్చినా కళ్ల దగ్గరికి తెచ్చుకోకుండా, వేళ్లతో తడిమే చెప్పేస్తోంది.

"ఇది మాది కాదు. ఇది మాదే. ఇది చెంచమ్మ వాళ్లది, వాళ్లకి కుండ కడిగేది చేతకాదు."

రంగనాయకులు బెణికిన కాలు చాపుకుని పక్కనే కూర్చున్నాడు. "అవ్వా, తమరు ఈ ముఠాకి నాయకురాలని నాకు మొదటిరోజే అనుమానం తగిలింది."

"ఎవరే ఈ సున్నం మనిషి?" అంది అంకాలమ్మ కోడలితో.

హెబ్రోను గారు లోపలికి పోయి, దూదిలో పెట్టిన ఒక పెంకును రెండు చేతులతో తెచ్చాడు. దాని మీద మూడు గీతలున్నాయి. సముద్రాలు దాటి వచ్చిన వర్తకుల ముద్ర అని తేల్చి, ఆయన దాని గురించి ఇదివరకే నాలుగు పేజీలు రాశాడు. ఫోటో తీయించి ఢిల్లీకి పంపాడు. "ఇది తప్పకుండా పాతదే కదా?" అన్నాడు నెమ్మదిగా.

అంకాలమ్మ గీతల మీద బొటనవేలు పెట్టింది. "పాతదే. నా పెళ్లినాటిది. చేపల పులుసు చట్టి. మజ్జిగ చట్టితో కలవకుండా నేనే కొడవలితో గీసుకున్నా."

హెబ్రోను గారు పందిరి గుంజకు ఆనుకుని కింద కూర్చున్నాడు. కాసేపటికి రిజిస్టరు ఒళ్లో పెట్టుకుని పేజీ మధ్యన నిలువుగా ఒక గీత గీశాడు. ఎడమ పక్క "ప్రాచీనం" అని రాశాడు. కుడి పక్క "అంకాలమ్మ" అని రాశాడు. సాయంత్రానికి ఎడమ వైపు ఒక పేజీ నిండింది. కుడి వైపు రాయడానికి కావలి నుంచి ఇంకో రిజిస్టరు తెప్పించాల్సి వచ్చింది.